రెక్కాడే ఊళ్ళో భుజం నొప్పి

కృష్ణంరాజు, చిరంజీవి పుట్టిన ఊరుగా మొగల్తూరు పేరు రాష్ట్రమంతా తెలుసు. భుజం గురించి రాయబోయేవారికి ఈ మండలం మీద ఆసక్తి కలగడానికి వేరే కారణం ఉంది. ఇక్కడ బతుకుతెరువంతా భుజాల మీదే నడుస్తుంది. కొబ్బరి తోటలో దింపు కార్మికుడు ఒక చేత్తో మట్ట పట్టుకుని, రెండో చేత్తో గెల నరుకుతాడు. రొయ్యల చెరువు గట్టున కౌంటు చూడటానికి విసురు వల వేస్తారు, 25 కిలోల మేత బస్తాలు మోస్తారు. పేరుపాలెం, కె.పి.పాలెం తీరంలో వలలు లాగుతారు. మాసూళ్ళప్పుడు 75 కిలోల ధాన్యం బస్తా వీపు మీదికి ఎక్కుతుంది. ఇంటి అరుగు మీద లేసు అల్లే ఆడవాళ్ళు చెయ్యి పైకెత్తరు గాని, దాన్ని గంటల తరబడి ఒడికి ఆనకుండా గాలిలోనే నిలిపి ఉంచుతారు.

రెక్కాడితే గాని డొక్కాడని ఇళ్ళలో ఆ రెక్కే మొరాయిస్తే జరిగేది ఇంచుమించు ఒకే వరస. ‘జబ్బ పట్టేసింది’ అని మొదట నూనె రాసి కాపడం పెడతారు. తగ్గకపోతే ఊళ్ళో నొప్పి సూది వేయించుకుంటారు. ‘చెయ్యి కదపకు’ అన్న సలహా ఇంటా బయటా వినిపిస్తుంది. నెల గడిచినా చెయ్యి లేవకపోతే నరసాపురమో భీమవరమో వెళ్ళి స్కానింగు తీయించుకుంటారు. అందులో నరం చిరిగిందని రాశారంటూ బెంగపడి, ఉన్న పని కూడా మానేస్తారు. పెద్ద దెబ్బేమీ తగలకుండా వచ్చిన భుజం నొప్పికి విశ్రాంతి సరైన వైద్యం కాదు. కొలత ప్రకారం పెంచుకుంటూ పోయే బరువే దానికి మందు. ఆ మందు వాడటం ఒక్కసారి శ్రద్ధగా నేర్చుకుంటే చాలామందికి సరిపోతుంది. గత 30 ఏళ్ళ పరిశోధన చెబుతున్నది స్థూలంగా ఇదే. పట్నం దూరంగా ఉన్న పల్లెకు ఇంతకంటే పనికొచ్చే కబురు వైద్యంలో అరుదు.

భుజం కీలు నిర్మాణం చూస్తే, బరువే మందు అన్న మాట ఎందుకు నిజమో తెలుస్తుంది. తుంటి కీలులో బంతి లోతైన గిన్నెలో కూర్చుంటుంది. భుజం దగ్గర ఆ గిన్నెకు లోతు లేదు, చిన్న సాసరు మీద కొబ్బరికాయ నిలబెట్టినట్టు ఉంటుంది. ఏ క్షణాన చూసినా చేతి ఎముక తలలో పావు నుంచి మూడో వంతు భాగమే ఆ సాసరును ఆనుకుని ఉంటుంది. దానివల్లే చెయ్యి అన్ని దిక్కులకూ తిరుగుతుంది, దానివల్లే కీలుకు స్థిరత్వం తక్కువ కూడా. కీలును ఆ చోట నిలిపేవి ప్రధానంగా నాలుగు చిన్న కండరాలు. వీపు మీది పలక ఎముక, అంటే భుజఫలకం నుంచి అవి బయల్దేరుతాయి; కండరాన్ని ఎముకకు కలిపే వాటి స్నాయువులు చేతి ఎముక తలను చుట్టి పట్టుకుంటాయి. ఈ నాలుగింటినీ కలిపి రొటేటర్ కఫ్ అంటారు. భుజం మీది పెద్ద కండరం చేతిని పైకి లాగుతున్నంతసేపూ ఇవి బంతిని గిన్నె మధ్యకు లాగి పట్టాలి. చెయ్యి పూర్తిగా పైకెత్తినప్పుడు వచ్చే 180 డిగ్రీలలో సుమారు 120 భుజం కీలువి, 60 భుజఫలకం వీపు మీద జారి తిరగడం వల్ల వచ్చేవి. ఈ రెండింటి పొత్తును ఇన్మన్, ఆయన సహచరులు 1944లోనే కొలిచారు. కాబట్టి భుజం నొప్పి అంటే భుజం ఒక్కటే చూస్తే చాలదు, వీపు కండరాలనూ చూడాలి.

నొప్పి ఎక్కడిది అన్న ప్రశ్నకు వైద్యం చాలాకాలం ఒక తేలికైన జవాబు చెప్పింది. 1972లో అమెరికా శస్త్రవైద్యుడు చార్లెస్ నీర్, భుజం పైకప్పులా ఉండే ఎముక కొన కింద స్నాయువు ఒరుసుకుని అరిగిపోతోందని ప్రతిపాదించాడు. ఒరుసుకుంటుంటే చేయాల్సింది ఏమిటి? ఆ ఎముకను కాస్త చెక్కెయ్యాలి. తర్కం నున్నగా ఉంది. ప్రపంచమంతటా లక్షల భుజాల్లో ఎముక చెక్కారు, చాలామందికి నొప్పి తగ్గింది కూడా. అయితే తగ్గింది చెక్కినందువల్లేనా అన్నది చాలాకాలం ఎవరూ సరిగ్గా పరీక్షించలేదు.

ఆ పరీక్ష బ్రిటన్‌లో జరిగింది. 313 మందిని మూడు జట్లు చేశారు. మొదటి జట్టుకు ఎముక చెక్కారు. రెండో జట్టుకు గొట్టం లోపలికి పంపి చూశారే గాని ఏమీ చెక్కలేదు. మూడో జట్టుకు ఏ చికిత్సా ఇవ్వలేదు. 2018లో లాన్సెట్ పత్రికలో అచ్చయిన ఫలితం ప్రకారం, చెక్కినవారికీ ఊరికే చూసి వదిలినవారికీ తేడా లేదు. ఆపరేషన్ జరిగిన జట్లకూ మూడో జట్టుకూ మధ్య ఉన్న తేడా రోగికి లెక్కలోకి వచ్చేంత పెద్దది కాదు. అదే ఏడాది ఫిన్లాండ్ పరిశోధకులు ఇంకో అధ్యయనంలో ఇదే విషయం తేల్చారు. 2019లో బ్రిటిష్ మెడికల్ జర్నల్ నియమించిన నిపుణుల బృందం ఇలాంటి నొప్పికి ఆ శస్త్రచికిత్స వద్దని గట్టిగా సిఫారసు చేసింది.

స్కానింగు సంగతి కూడా ఇక్కడే చెప్పుకోవాలి. 2011లో అచ్చయిన ఒక అధ్యయనంలో, 40 నుంచి 70 ఏళ్ళ లోపు, భుజం నొప్పే లేని 51 మంది మగవారికి అల్ట్రాసౌండ్ తీశారు. వారిలో 96 శాతం మంది భుజాల్లో ఏదో ఒక తేడా కనిపించింది. వయసుతో జుట్టు నెరవడం ఎంత సహజమో, స్నాయువులో చిన్న చీలిక కనబడటం ఇంచుమించు అంత సహజం. రిపోర్టులో రాసిందే నొప్పికి కారణమని అనుకోవడం తొందరపాటు. నా ఉద్దేశంలో ఆ కాగితం చదివి ‘ఇక చెయ్యి కదిలిస్తే తెగిపోతుంది’ అని నిర్ణయించుకోవడం వల్ల జరిగే నష్టం చీలిక చేసే నష్టంకంటే పెద్దది.

మరి వ్యాయామం పనిచేస్తుందని ఎలా తెలుసు? 1993లోనే నార్వేలో బ్రాక్స్ బృందం, దగ్గరుండి చేయించిన వ్యాయామం శస్త్రచికిత్సకు ఏమాత్రం తీసిపోలేదని చూపింది. 2012లో స్వీడన్‌లో ఆపరేషన్ వరుసలో ఎదురుచూస్తున్న సుమారు 100 మందిని రెండు జట్లు చేశారు. ఒక జట్టుకు రొటేటర్ కఫ్‌కూ భుజఫలకం కండరాలకూ బరువు పెంచుకుంటూ పోయే వ్యాయామం 12 వారాలు నేర్పారు. రెండో జట్టుకు మెడ, భుజాలకు మామూలు కదలికలు చెప్పారు. తర్వాత మొదటి జట్టులో 20 శాతం మంది, రెండో జట్టులో 63 శాతం మంది ఆపరేషన్ కావాలన్నారు. చేసిన వ్యాయామం ఏదో ఒకటి కాదు, బరువు ఉన్న వ్యాయామం అయ్యేసరికి ఇంత తేడా వచ్చింది. అమెరికాలో, దెబ్బ తగలకుండానే స్నాయువు పూర్తిగా చీలిన 452 మందిని కూన్ బృందం రెండేళ్ళు గమనించింది. వ్యాయామంతో మొదలుపెట్టిన వారిలో ఆపరేషన్ దాకా వెళ్ళింది నాలుగింట ఒక వంతు మంది. వెళ్ళినవారు ఎక్కువగా తొలి మూడు నెలల్లోనే వెళ్ళారు. ఆ బృందమే తర్వాత లోతుగా చూస్తే, ఎవరు ఆపరేషన్‌కు వెళతారో ముందే సూచించిన బలమైన అంశం చీలిక పరిమాణం కాదు, వ్యాయామం వల్ల ఏమీ కాదన్న రోగి నమ్మకం.

మొగల్తూరుకు అన్నిటికంటే ఎక్కువ పనికొచ్చే అధ్యయనం గ్రాస్ప్. ఇది బ్రిటన్‌లో 708 మందితో జరిగి 2021లో లాన్సెట్‌లో అచ్చయింది. సగం మందికి ఫిజియోథెరపిస్టు 16 వారాల్లో ఆరు సార్ల దాకా కూర్చోబెట్టి వ్యాయామం చేయించారు. మిగతా సగానికి గంటకు మించని ఒకే ఒక్క భేటీ. అందులో నొప్పి ఏమిటో వివరించి, ఇంట్లో చేసుకోవాల్సిన వ్యాయామాలు నేర్పి పంపేశారు. ఏడాది పొడవునా కొలిస్తే రెండు జట్లూ బాగుపడ్డాయి, తేడా కనబడలేదు. రెండు జట్లలోనూ స్టెరాయిడ్ సూది కూడా ఇచ్చినవారికి 8 వారాల దగ్గర కొద్దిపాటి మేలు కనిపించింది గాని ఏడాది మొత్తం మీద అది మిగల్లేదు. అసలేమీ చేయని జట్టు ఈ పరీక్షలో లేదు కాబట్టి, బాగుపడటంలో కాలం వాటా ఎంతో దీనివల్ల తేలదు. వారానికి రెండు రోజులు కూలి మానుకుని, ఆటో ఎక్కి, బస్సు మారి పట్నం వెళ్ళనక్కర్లేదన్నది మాత్రం తేలింది. మన దగ్గర ఫిజియోథెరపీ అంటే కరెంటు యంత్రాలే అనుకుంటారు. రొటేటర్ కఫ్ నొప్పికి ఆ యంత్రాలు పెద్ద మేలు చేస్తాయనడానికి ఆధారాలు బలహీనం. డబ్బు పెట్టాల్సింది బాగా నేర్పగల ఆ ఒక్క గంట మీద. భీమవరం వెళ్ళినా, నరసాపురం వెళ్ళినా అడగాల్సింది ‘ఇంటి దగ్గర ఏం చేయాలి, ఎప్పుడు పెంచాలి’ అని.

స్నాయువు నిర్జీవమైన తాడు కాదు. అందులోని కణాలు లాగుడును పసిగట్టి కొల్లాజెన్ అనే మాంసకృత్తిని తయారుచేస్తాయి. బరువైన వ్యాయామం చేసిన తొలి రోజున, ఆ తర్వాత ఇంకొన్ని గంటల పాటు పాత కొల్లాజెన్ విరగడమే ఎక్కువగా ఉంటుంది. తయారీది పైచేయి కావడం రెండో రోజున మొదలవుతుంది. బరువు వ్యాయామం రోజు విడిచి రోజు చేయమనడానికి ఇదో కారణం. దింపు రోజుల్లో పొద్దుటినుంచి సాయంత్రం దాకా వందల కాయలు నరికి, మర్నాడు మళ్ళీ ఎక్కే కార్మికుడి స్నాయువుకు ఆ వ్యవధి దొరకదు. అలాగని నెల రోజులు చెయ్యి కట్టేసుకుంటే తయారీకి పురమాయింపే ఉండదు, కండరం కరుగుతుంది, కీలు బిగుస్తుంది. కాబట్టి పనే వ్యాయామం అనడం ఎంత పొరపాటో, పని మానేయడమే వైద్యం అనడమూ అంతే పొరపాటు. నొప్పి తగ్గడానికి స్నాయువు నిర్మాణం మారడం ఒక్కటే కారణం కాదు. స్కానులో చీలిక అలాగే ఉండగా నొప్పి పోయినవారు చాలామంది. బలం పెరగడం, కదిలిస్తే ప్రమాదమన్న భయం పోవడం, నాడీ వ్యవస్థ నొప్పి గంటను తగ్గించి మోగించడం, ఇవన్నీ అందులో ఉన్నాయి.

ఇక వ్యాయామం. మొదటి వారం నొప్పి బాగా ఉంటే బాగున్న చెయ్యి మంచం కోడు మీద ఆనించి ముందుకు వంగి, నొప్పి చెయ్యి కిందకు వేలాడనిచ్చి, నడుము ఊపుతో దాన్ని గుండ్రంగా తిప్పాలి. బోస్టన్ వైద్యుడు కాడ్‌మన్ పేరుతో నూరేళ్ళ నాటి నుంచి వాడుకలో ఉన్నదే ఇది. తర్వాత గోడ పక్కన నిలబడి, మడిచిన తువ్వాలు చంకలో పెట్టుకుని, మోచెయ్యి 90 డిగ్రీలు వంచి, అరచేతి వెనక భాగంతో గోడను బయటకు నొక్కాలి. చెయ్యి కదలదు, కండరం మాత్రం బిగుస్తుంది. 30 నుంచి 45 సెకన్లు ఆపి, విడిచి, అయిదుసార్లు. కొందరికి ఇది చేసిన కాసేపటికే కొంత ఉపశమనం తెలుస్తుంది.

అక్కడినుంచి బరువు. పాత సైకిల్ ట్యూబును పొడవునా చీల్చి కిటికీ ఊచకు కడితే వ్యాయామశాల సిద్ధం. తువ్వాలు చంకలో అలాగే ఉంచి, ట్యూబు కొసను పట్టుకుని ముంజేతిని పొట్ట దగ్గరనుంచి బయటకు తిప్పాలి. లాగేటప్పుడు రెండు లెక్కపెట్టేంతసేపు, వెనక్కి వచ్చేటప్పుడు నాలుగు లెక్కపెట్టేంతసేపు. జనం వదిలేసేది ఈ రెండో సగాన్నే, స్నాయువుకు పని ఎక్కువగా దొరికేదీ అందులోనే. అదే ట్యూబును రెండు చేతులా పట్టుకుని మోచేతులు వెనక్కి పోయేలా, భుజఫలకాలు దగ్గరయ్యేలా లాగడం రెండోది. గోడకు రెండు చేతులూ ఆనించి దండీలు తీయడం మూడోది. అది తేలికయ్యాక గోడకు బదులు మంచం పట్టె, ఆ తర్వాత నేల. ఒక్కొక్కటీ 8 నుంచి 12 సార్లు, మూడు విడతలు, వారానికి మూడు రోజులు. పన్నెండోసారి కూడా సులువుగా అయిపోతోందంటే ట్యూబు మడత పెట్టి బిగువు పెంచాలి. పెంచకుండా ఆరు నెలలు చేసినా అది వ్యాయామం పేరుతో చేసే కాలక్షేపమే.

వ్యాయామంలో నొప్పి వస్తే ఆపాలా? సున్న నుంచి 10 దాకా కొలిస్తే 4, 5 దాకా నొప్పిని ఓర్చుకోవచ్చు, మర్నాటి ఉదయానికి మామూలు స్థాయికి దిగితే చాలు. దిగకపోతే బరువు ఒక మెట్టు తగ్గించాలి గాని మానకూడదు. నొప్పంటేనే నష్టమనుకునే మనకు ఈ నియమం ఒంటబట్టడం కష్టం. 12 వారాలకు ముందు ఫలితం మీద తీర్పు చెప్పకపోవడం అంతకంటే కష్టం. ఈలోగా నొప్పి బిళ్ళలు కొద్ది రోజులు వాడితే తప్పులేదు. నెలల తరబడి వాడితే కడుపులో పుండ్లు, మూత్రపిండాలకు హాని రావచ్చు.

పైన చెప్పినదంతా ఒక రకం నొప్పికి. చెయ్యి పక్కనుంచి ఎత్తుతుంటే 60 డిగ్రీల దగ్గర మొదలై 120 దాటాక తగ్గే నొప్పి ఆ రకం. భుజం బిగుసుకుపోవడం వేరు. మోచెయ్యి పక్కటెముకలకు ఆనించి ఉంచి, వేరేవాళ్ళు ముంజేతిని మెల్లగా బయటకు తిప్పితే కూడా కదలకపోతే అది గడ్డకట్టిన భుజం, ఫ్రోజెన్ షోల్డర్. కాడ్‌మన్ 1934లో పెట్టిన పేరు ఇది. మధుమేహం ఉన్నవారిలో పదిమందిలో ఒకరికి పైగా ఇది వస్తుంది. దేశంలో మధుమేహులు 10 కోట్లు దాటారని ఐసీఎంఆర్ అధ్యయనం 2023లో ప్రకటించింది గనుక, జబ్బ పట్టేసిందంటూ వచ్చిన మధ్యవయస్కులకు చక్కెర పరీక్ష చేయించడం అవసరం. గడ్డకట్టిన భుజాన్ని తొలి నెలల్లో బలవంతంగా లాగడం నొప్పిని పెంచుతుంది. ఆ దశలో కీలులోకి స్టెరాయిడ్ సూది, మెత్తని సాగదీత మేలు. 2020లో బ్రిటన్‌లో 503 మందితో చేసిన పరీక్షలో ఫిజియోథెరపీతో కలిపిన సూదికీ, మత్తిచ్చి చేసే రెండు రకాల చికిత్సలకూ ఫలితంలో చెప్పుకోదగ్గ తేడా లేదు. ఒకటి నుంచి మూడేళ్ళ దాకా ఓపిక పట్టాల్సిన జబ్బు ఇది.

కొన్ని నొప్పులకు వ్యాయామం ఊసెత్తకూడదు. చెట్టు మీదినుంచి పడ్డాక చెయ్యి ఎత్తలేకపోతే ఎక్స్‌రే ముందు. పడిన వెంటనే బలం పోయిందంటే స్నాయువు పూర్తిగా తెగి ఉండొచ్చు, దానికి ఆలస్యం చేయకుండా ఎముకల వైద్యుణ్ణి చూడాలి. జ్వరం, కీలు ఎర్రబడి వాయడం, బరువు తగ్గిపోవడం, వేళ్ళలో తిమ్మిరి, చెయ్యి కదిపినా కదపకపోయినా ఒకే తీరుగా ఉండే నొప్పి, ఇలాంటివి ఉన్నా ముందు వైద్యుణ్ణే చూడాలి. ఎడమ భుజం నొప్పితో పాటు చెమట, ఆయాసం, గుండెల్లో బరువు ఉంటే 108కి ఫోన్ చేయాలి.

లేసు అల్లే ఆడవాళ్ళ నొప్పి గురించి విడిగా చెప్పాలి. నరసాపురం లేసు అల్లికకు 2024లో భౌగోళిక గుర్తింపు వచ్చింది. ఆ కార్మికుల మీద మరియా మీస్ 1982లో ప్రచురించిన పుస్తకం అప్పట్లోనే ఒక విషయం పట్టుకుంది: ఇంట్లో కూర్చుని చేస్తారు కాబట్టి ఆ శ్రమను శ్రమగా ఎవరూ లెక్కగట్టరు, తీరిక వేళ పని అంటారు. శ్రమ లెక్కలో లేనప్పుడు దానివల్ల వచ్చిన నొప్పీ లెక్కలో ఉండదు. దింపు కార్మికుడి భుజం పనివల్ల చెడిందని ఊరంతా ఒప్పుకుంటుంది, లేసు మనిషిది మాత్రం ‘వయసు మీద పడింది’ అవుతుంది. ఆమె కండరాలకు జరిగేది వేరు. తక్కువ బిగువే గాని సడలింపు లేని బిగువు. మెడ నుంచి భుజానికి దిగే కండరం గంటల తరబడి అలా ఉంటే నెత్తురు ప్రసారం తగ్గి నొప్పి పుడుతుంది. కూలి ముక్కల లెక్కన వచ్చేచోట విరామం తీసుకోమనడం సులువు, తీసుకోవడం కాదు. డెన్మార్క్‌లో మెడ, భుజాల నొప్పి ఉన్న సుమారు 200 మంది కార్యాలయ ఉద్యోగులతో 2011లో ఒక పరీక్ష జరిగింది. రబ్బరు పట్టీని కాళ్ళ కింద తొక్కి పట్టి రెండు చేతులనూ పక్కలకు భుజం ఎత్తు దాకా లేపడం, వారానికి అయిదు రోజులు, 10 వారాలు. రోజుకు 12 నిమిషాలు చేసినవారికీ రెండే నిమిషాలు చేసినవారికీ నొప్పి ఇంచుమించు సమానంగా తగ్గింది. రెండు నిమిషాలంటే ఒక పువ్వు అల్లే వేళ కూడా కాదు. ఒళ్ళో తలగడ పెట్టుకుని మోచేతులు దానికి ఆనిస్తే మిగతా పూటంతా కండరానికి కొంత తెరిపి.

తిరిగి పనిలోకి వెళ్ళడం దగ్గరే ఎక్కువమంది బెసుకుతారు. నొప్పి పోయింది కదా అని దింపు కార్మికుడు మొదటి రోజే పూర్తి తోట ఎక్కితే వారంలో మళ్ళీ మంచం ఎక్కుతాడు. గోడ దండీలు మంచం పట్టె దాకా వచ్చాక, రెండు లీటర్ల నీళ్ళ సీసాను తల పైకి పదిసార్లు నొప్పి పెరగకుండా ఎత్తగలిగాకే చెట్టు మాట. తొలి దింపుకు జోడీ కట్టి పొట్టి చెట్లు తాను, పొడుగువి తోడు మనిషి తీసుకోవాలి. గెల తలకంటే ఎత్తున ఉంటే ఇంకొక అడుగు పైకి పాకి ఛాతీ ఎదుటికి వచ్చాకే కత్తి ఎత్తాలి. ఆ పూట కోత సగానికి ఆపేసి, మర్నాడు ఉదయం నొప్పి ఎంతుందో చూసుకుని, తర్వాతి తోటలో చెట్ల సంఖ్య పెంచాలి. ట్యూబు మాత్రం కిటికీకి అలాగే ఉండాలి, వారానికి రెండుసార్లయినా, నొప్పి లేని రోజుల్లో కూడా.